ఆ నాలుగు సెకన్ల రికార్డింగు

దయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు మొదటినుంచీ చిరాకు. మా స్టాఫ్ రూములో ఎవరైనా ఘాట్ రోడ్డు మలుపులో తెల్లచీర కనిపించిందని మొదలుపెడితే, నేను టీ గ్లాసు పట్టుకుని బయటికి వెళ్ళిపోతాను. ఇరవై ఏళ్ళుగా అరకులో జూనియర్ కాలేజీ పిల్లలకి కంప్యూటర్లు చెబుతున్నాను. నా లెక్కలో తప్పు అనేది తీగలో ఉంటుంది, సెట్టింగులో ఉంటుంది, లేదంటే కుర్చీలో కూర్చున్న మనిషిలో ఉంటుంది. నాలుగో చోటు లేదు. ఇది చదివి నేను మారిపోయానని ఎవరూ అనుకోవద్దు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

మాది సాలూరు దగ్గర పల్లె. ముందు నేను ఉద్యోగానికి అరకు వచ్చాను, తర్వాత మా తమ్ముడు రాజు వచ్చాడు. వాడు అంబులెన్స్ డ్రైవరు. చదువు అబ్బలేదు గానీ, స్టీరింగు పట్టుకుంటే వాడంత నెమ్మదస్తుడు ఇంకొకడు లేడు. తొమ్మిదేళ్ళ సర్వీసులో ఒక్క మాట పడలేదు.

కాఫీ పళ్ళు కోసే రోజులు. ఒక సోమవారం పొద్దున్న, ఘాట్ రోడ్డుకి నాలుగు కిలోమీటర్లు పైనున్న ఒక కొండ ఊరి నుంచి సుక్రి అనే అమ్మాయిని పురిటి నొప్పులతో డోలీలో కిందికి తెచ్చారు. డోలీ అంటే తెలియని వాళ్ళ కోసం చెబుతున్నాను. పొడవాటి వెదురుకి దుప్పటి ఉయ్యాలలా కట్టి, అందులో మనిషిని పడుకోబెట్టి, ముందొకరు వెనకొకరు భుజాన మోస్తారు. ఆ ఊరికి రోడ్డు లేదు. రోడ్డు మొదట్లో, కొండబాట దిగే చోట అంబులెన్స్ ఆగి ఉండాలి.

రోడ్డు మొదటికి వచ్చేసరికి సుక్రికి ప్రాణం లేదు. కడుపులో బిడ్డ కూడా పోయింది. ఆమెకి ఇరవై మూడేళ్ళు. అంబులెన్స్ అక్కడ లేదనీ, అరగంట తర్వాత వచ్చిందనీ మోసుకొచ్చిన నలుగురూ ఒకే మాట చెప్పారు.

రాజు చెప్పింది వేరు. ఏడున్నరకే అక్కడికి చేరాననీ, రెండు గంటలు కాపలా కాశాననీ, ఎంతకీ ఎవరూ రాకపోతే ఆఫీసుకి ఫోను చేద్దామని సిగ్నల్ కోసం ఐదు కిలోమీటర్లు కిందికి దిగాననీ అన్నాడు. వాడు తిరిగొచ్చేసరికి పదిన్నర. అప్పటికి డోలీ వచ్చి ఉంది. ఆ పొద్దుటి మంచులో వాణ్ణి చూసినవాళ్ళు లేరు. బండికి ట్రాకర్ ఉంది గానీ, ఆ లోయలో సిగ్నల్ లేక వాడు అక్కడ కాపలా కాసిన రెండు గంటలూ ఖాళీగా ఉన్నాయి.

వాణ్ణి డ్యూటీ నుంచి ఆపేశారు. శుక్రవారం మండలాఫీసులో విచారణ, నీ తరఫున ఏమున్నా తెచ్చుకో అన్నారు. ఆ సోమవారం సాయంత్రం మా ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నాడు. అన్నం తినలేదు. ఒకటే మాట అన్నాడు.

"నానక్కడే ఉన్నానన్నయ్యా. నువ్వైనా నమ్ము."

నేను నమ్మాను. కానీ అన్నగా నమ్మితే సరిపోదు కదా.

మంగళవారం మధ్యాహ్నం మా లోకల్ కేబుల్ చానల్ వార్తల్లో సుక్రి భర్త భీమన్న మాట్లాడాడు. నేను కాలేజీ నుంచి భోజనానికి వచ్చి చూశాను. మెడలో తువ్వాలు, కళ్ళు ఎక్కడో ఉన్నాయి. ఇలా అన్నాడు. "ఆరింటికి ఊర్ల బయల్దేరినాం. డోలీ ఎక్కడా దింపనేదు. పదింటికి రోడ్డుకొచ్చినాం. అంబులెన్స్ నేదు."

అందరికీ చివరి మాట వినబడింది. నాకు లెక్క వినబడింది. నాలుగు కిలోమీటర్లు, అంతా దిగుడే. ఆ కొండల మనుషులు డోలీతో గంటన్నరలో దిగుతారు, ఎప్పుడో తప్ప రెండు గంటలు పట్టదు. రోగి ఉన్న డోలీని రోడ్డు వచ్చేదాకా నేలకి ఆనించరు, నడుస్తూనే భుజం మార్చుకుంటారు. అది వాళ్ళ కట్టుబాటు. ఎక్కడా దింపకపోతే మరి నాలుగు గంటలెందుకు పట్టింది? ఆ ఒక్క వాక్యం విచారణ అధికారి చెవిన పడితే, మా తమ్ముడి మాటకి బలం వస్తుంది.

కేబుల్ ఆఫీసుకి వెళ్ళి కాపీ అడిగాను. గొడవల్లోకి మమ్మల్ని లాగొద్దు మాస్టారూ అని దండం పెట్టేశారు. సరే, ఆ వార్తలు బుధవారం సాయంత్రం దాకా పొద్దున ఎనిమిదికీ, మధ్యాహ్నం ఒంటిగంటకీ, సాయంత్రం ఆరింటికీ తిప్పి తిప్పి వేస్తారు. నేనే రికార్డు చేసుకుందామనుకున్నాను. కేబుల్ బాక్సు నుంచి కంప్యూటర్‌కి కలిపే క్యాప్చర్ కార్డు నా దగ్గర ముందే ఉంది. టీవీలో వచ్చే పాఠాలు పిల్లల కోసం అలాగే పట్టి పెడుతుంటాను.

మంగళవారం సాయంత్రం రికార్డింగు మొత్తం పాడైంది. బొమ్మ బాగుంది, శబ్దం మాత్రం పగిలిపోయింది. న్యూస్ చదివే అమ్మాయి మాట కూడా రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టుంది. కారణం దొరకడానికి ఐదు నిమిషాలు పట్టలేదు. కంప్యూటర్ వెనక చీకట్లో చెయ్యి పెట్టి తడుముకుంటూ, శబ్దం తీగని నీలం రంగు కన్నంలో పెట్టాల్సింది గులాబీ కన్నంలో పెట్టాను. అది మైకుది. మైకు గొంతు చిన్నదని కంప్యూటర్ దాన్ని బాగా పెంచుతుంది. టీవీ శబ్దం అసలే పెద్దది, దాన్ని ఇంకా పెంచితే పగలక ఏమవుతుంది? నా క్లాసులో పిల్లాడు ఆ పని చేస్తే నెత్తిన మొట్టేవాణ్ణి.

బుధవారం ఎనిమిదింటికి నీలం కన్నంలో పెట్టాను. శబ్దం మట్టాన్ని నూటికి ముప్పై ఐదుకి తగ్గించాను. రికార్డింగు అద్దంలా వచ్చింది. న్యూస్ అమ్మాయి మాట, వెనక కోడి కూత, రిపోర్టరు దగ్గు కూడా తేటగా వినిపించాయి. భీమన్న "ఆరింటికి ఊర్ల బయల్దేరినాం" అన్నాడు. అది తేటగా ఉంది. ఆ తర్వాత నాలుగు సెకన్లు పగిలింది. మళ్ళీ "పదింటికి రోడ్డుకొచ్చినాం" తేటగా ఉంది.

నాకు కావలసిన మాట ఒక్కటే పోయింది. ఒళ్ళు మండింది.

కేబుల్ వాడి దగ్గరే ఆ చోట పాడై ఉంటుందనుకున్నాను. కానీ రికార్డవుతున్నప్పుడు నేను టీవీ ముందే కూర్చున్నాను. టీవీలోంచి "డోలీ ఎక్కడా దింపనేదు" స్పష్టంగా వినిపించింది. మా ఆవిడ కూడా వింది.

మధ్యాహ్నానికి మిగతా అనుమానాలు తీర్చుకున్నాను. క్యాప్చర్ కార్డు శబ్దాన్ని ఒక వేగంతో పంపితే, కంప్యూటర్ ఇంకో వేగంతో తీసుకుంటే మధ్యమధ్యలో టిక్కుటిక్కు మంటుంది. రెండింటి వేగమూ ఒకటే చేశాను. మా ఇంటి ఎర్తింగు అంతంతమాత్రం. పెరట్లో ఎర్తు గుంటలో రెండు బకెట్ల ఉప్పునీళ్ళు పోశాను. నాకు కాలేజీ ఉంది కాబట్టి ఒంటిగంట వార్తల్ని మా ఆవిడే బటన్ నొక్కి రికార్డు చేసింది. నాలుగింటికి వచ్చి విన్నాను. అంతా బాగుంది, ఆ నాలుగు సెకన్లు తప్ప.

సాయంత్రం ఆరు చివరి అవకాశం. బజార్లో కొత్త తీగ కొన్నాను. వేరే సాఫ్ట్‌వేర్ వేశాను. యాంటీవైరస్ ఆపాను. గోడ ప్లగ్గు పీకేసి కంప్యూటర్ని యూపీఎస్ బ్యాటరీ మీద నడిపాను. అదీ చాలదని, నా ఫోనుని టీవీ స్పీకరు ముందు స్టూలు మీద పెట్టి విడిగా రికార్డింగు నొక్కాను. ఫోనుకి నా తీగలతో, నా కంప్యూటర్‌తో, నా కరెంటుతో ఏ సంబంధమూ లేదు. భీమన్న మాట్లాడుతుంటే చెవి పెట్టి విన్నాను. ఒక్క అక్షరం పోకుండా వినిపించింది.

తర్వాత రెండూ పెట్టి చూశాను. కంప్యూటర్లో పగిలింది. ఫోనులోనూ అక్కడే పగిలింది.

అప్పటిదాకా నాకు కోపమే. ఆ క్షణంలో మొదటిసారి భయపడ్డాను. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి నా మొహం చూసి, "ఏటండీ, ఏటైంది?" అంది. ఏమీ లేదన్నాను.

శబ్దాన్ని గీతలా చూపించే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. మనిషి మాట్లాడితే గీత ఎగుడుదిగుడుగా లేస్తుంది. ఆ నాలుగు సెకన్లు అందులో తెరిచి పెద్దది చేశాను. మూడు గుట్టలు కనిపించాయి. మూడూ ఒకే పొడవు, మధ్యలో ఒకే ఖాళీ. మూడింటికీ పైభాగం కత్తితో కోసినట్టు సమంగా ఉంది. శబ్దం మోతాదు మించితే అలా వస్తుంది. కానీ నేను ముప్పై ఐదులో పెట్టాను, ముప్పై ఐదులో మించడానికి వీల్లేదు. మూడో గుట్ట తర్వాత ఒక చిన్న బుడిపె ఉంది. వేలి గోరంత.

మొదటి మూడింట్లో ఏముందో ఎంత తగ్గించినా తెలియలేదు. ఏదో అరుపు, అంతే. చివరి బుడిపెని విడిగా కోసి, అడుగున ఉన్న గుయ్యిమనే రొద తీసేసి, కాస్త పెంచి విన్నాను. నాలుగైదుసార్లు విన్నాను. తర్వాత మా ఆవిడని పిలిచి, ఏమీ చెప్పకుండా హెడ్‌ఫోన్ ఆమె చెవులకి పెట్టాను.

ఆమె విని ఇలా అంది. "ఎవరో ఆడమనిషి 'ఆఁ' అంటందండీ. పిలిస్తే పలికినట్టుంది."

నాకు వినిపించిందీ అదే. పనిలో ఉన్న ఆడవాళ్ళు ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే తల తిప్పకుండా అంటారే, అలాంటి "ఆఁ". నీరసంగా ఉంది.

పిలిస్తే అన్న మాట నన్ను పట్టుకుంది. మా పల్లెల్లో శవాన్ని శ్మశానానికి తీసుకెళ్ళేటప్పుడు దారి మధ్యలో పాడెని ఒకసారి కిందికి దింపుతారు. దగ్గరివాళ్ళు చెవి దగ్గర నోరు పెట్టి మూడుసార్లు పిలుస్తారు. ప్రాణం ఏ మూలనైనా ఉంటే పలుకుతుందని ఆశ. దింపుడు కళ్ళం అంటాం. మా నాన్న పోయినప్పుడు పెద్దకొడుకుగా నేనే వంగి పిలిచాను. పలకరని తెలుసు. అయినా మూడోసారి పిలిచి చెవి ఒగ్గి ఎదురుచూశాను. ఆ రోజు మా నాన్న పలికి ఉంటే అన్న ఆలోచన, ఆ బుధవారం కంప్యూటర్ ముందు కూర్చుని ఉండగా వచ్చింది.

గురువారం కాలేజీకి సెలవు పెట్టి, పొద్దున్నే బయల్దేరి ఆ కొండ ఊరికి నడిచాను. రికార్డింగు ఫోనులోకి ఎక్కించుకున్నాను. రాజుకి చెప్పలేదు. దారి సగంలో బాట పక్కన ఒక బల్లపరుపు బండ ఉంది. దాని పక్కన నాలుగైదు బీడీ ముక్కలు కనబడ్డాయి. నేను ఆగలేదు. వెళ్ళేది మా తమ్ముణ్ణి కాపాడుకోవడానికని నాకు నేను చెప్పుకుంటూ నడిచాను. అది నిజమే. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంది. ఆ మనిషి ఇంట్లో చావు జరిగి నాలుగు రోజులు కూడా కాలేదు.

భీమన్న ఇంటి ముందు టార్పాలిన్ మీద కాఫీ గింజలు ఆరబోసి ఉన్నాయి. వాటిని ఎవరూ తిరగేస్తున్నట్టు లేదు. సుక్రి తల్లి గోడకి ఆనుకుని కూర్చుని ఉంది, ఒళ్ళో మూడేళ్ళ మనవరాలు. నేనెవరో చెప్పాను, డ్రైవరు అన్ననని కూడా దాచలేదు. భీమన్న తిట్టలేదు. లేచి, ఇంటికి కాస్త దూరంగా మిరియం పాదుల దగ్గరికి తీసుకెళ్ళాడు.

నేను చాలా ప్రశ్నలు సిద్ధం చేసుకున్నాను. ఒక్కటీ అడగలేదు. టీవీలో నువ్వు మాట్లాడింది రికార్డు చేస్తే ఇలా వచ్చిందని చెప్పి, ఇయర్‌ఫోన్ ఇచ్చాను. అతను చెవుల్లో పెట్టుకున్నాడు. నేను నొక్కాను.

నాలుగు సెకన్లే. ఆ నాలుగు సెకన్లలో ఒక మనిషి మొహం అలా మారిపోవడం నేను అంతకుముందు చూడలేదు, మళ్ళీ చూడదలుచుకోలేదు. అతను నేల మీద కూర్చుండిపోయాడు. ఇయర్‌ఫోన్ తీసి నా చేతిలో పెట్టాడు. తర్వాత చెప్పాడు.

"దింపినాం మాస్టారూ. బండ కాడ దింపినాం."

అతను ముక్కలు ముక్కలుగా చెప్పింది నేను వరసగా రాస్తున్నాను. సగం దారిలో సుక్రి మూలగడం ఆపేసింది. చెయ్యి దుప్పట్లోంచి జారి వేలాడింది. ఒళ్ళు చల్లగా ఉంది. అప్పటికి ఇంకా ఏడు కాలేదు. మోసే నలుగురిలో పెద్దవాడు భీమన్న చిన్నాన్న. అతను కుర్రతనంలో సాలూరు వైపు పదేళ్ళు కూలి చేసి వచ్చినవాడు. కిందోళ్ళు ఇలాంటప్పుడు దింపి మూడుసార్లు పిలుస్తారు, పలక్కపోతే పోయినట్టే అని చెప్పాడట. వాళ్ళకి ఆ ఆచారం లేదు. మాది. మేము చచ్చిపోయారని తేలిన మనిషిని పిలుస్తాం. వాళ్ళు చచ్చిందో లేదో తేల్చుకోవడానికి పిలిచారు.

భీమన్న వంగి భార్య చెవిలో పిలిచాడు.

"మూడోసారి ఆఁ అంది మాస్టారూ. నాకినిపించింది. మా సిన్నాన్నతో సెప్పినాను. అది గాలిరా, లోపలి గాలి బయటికొచ్చింది, అంతే అన్నాడు. పెద్దోడు గదా. నానూరుకున్నాను."

ఆ తర్వాత వాళ్ళు ఆ బండ దగ్గరే రెండు గంటలకి పైగా కూర్చున్నారు. కడుపుతో పోయిన మనిషిని వెనక్కి ఊళ్ళోకి తీసుకెళ్ళకూడదని వాళ్ళ పెద్దల మాట. కిందికి తీసుకెళ్తే పోలీసులు, పోస్టుమార్టం కోతలు అని ఒకరికి భయం. చివరికి డాక్టరు చూసి కాగితం రాయనీ అని కిందికే మోశారు. పదింటికి రోడ్డుకి వచ్చారు. అంబులెన్స్ లేదు.

ఆ సోమవారం సాయంత్రం సుక్రి తల్లి అడిగిన మొదటి ప్రశ్న, దారిలో దింపారా అని. లేదన్నాడు భీమన్న. అత్తకి చెప్పిన మాటే పోలీసులకి చెప్పాడు, టీవీకి చెప్పాడు. నలుగురూ అదే చెప్పారు. ఎవరూ కూర్చుని కుట్ర పన్నలేదు.

నాకు లెక్క ఆగలేదు. నా బుద్ధి అంతే. ఆ బండ నుంచి రోడ్డుకి ముప్పావు గంట. ఏడుకి ముందు ఆమె పలికింది అనుకుంటే, వెంటనే ఎత్తుకుని దిగితే, ఏడున్నర దాటేసరికి రోడ్డు మీద ఉండేవాళ్ళు. అప్పటికి మా రాజు తలుపు తెరిచి పెట్టుకుని అక్కడ నిలబడి ఉన్నాడు. భీమన్న కూడా ఆ లెక్క వేసుకున్నాడని అతని మొహం చూస్తే తెలిసింది.

మళ్ళీ వినిపించమని అడిగాడు. నా వల్ల కాలేదు. ఫోనులో ఛార్జింగు లేదని చెప్పి తిరుగు దారి పట్టాను.

శుక్రవారం విచారణకి ఆ ఫోను జేబులో పెట్టుకునే వెళ్ళాను. తీయాల్సిన పని పడలేదు. భీమన్న తనంతట తనే లేచి, బండ దగ్గర దింపామని, రెండు గంటలు కూర్చున్నామని చెప్పేశాడు. సుక్రి తల్లి కూడా అక్కడే ఉంది. మనవరాలిని ఎత్తుకుని బయటికి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి పాపని వేరే ఊళ్ళో తన దగ్గరే పెట్టుకుంది, అతనికి చూపించడం లేదని తర్వాత తెలిసింది. ప్రాణం ఏ గంటకి పోయిందో ఇప్పుడు తేల్చి చెప్పలేమని డాక్టరు రాశారు. పదిహేను రోజుల్లో రాజుని మళ్ళీ డ్యూటీలోకి తీసుకున్నారు. భీమన్న ఎందుకు మాట మార్చాడో మా తమ్ముడికి ఈ రోజుకీ తెలియదు.

విచారణ నుంచి వచ్చి, అవసరం తీరింది కదా అని, తుడిచేద్దామని ఆ ఫైళ్ళు తెరిచాను. తుడిచే ముందు ఒకసారి విన్నాను.

"డోలీ ఎక్కడా దింపనేదు."

తేటగా ఉంది. బుధవారం మూడు రికార్డింగుల్లోనూ తేటగా ఉంది. ఫోనులోనూ అంతే. మంగళవారం నాటి పాడు రికార్డింగు మాత్రం మొత్తం అలాగే పాడుగా ఉంది. గీతలో గుట్టలు లేవు. ఫైలు సైజు మారలేదు, చివరిగా మార్చిన తేదీ, గంట మారలేదు. నేను విడిగా కోసి పెట్టుకున్న "ఆఁ" ఫైలులో సన్నని సుయ్యిమనే రొద తప్ప ఏమీ లేదు. హార్డ్ డిస్కు పరీక్షించాను. ఫైళ్ళని ఇంకో కంప్యూటర్లో పెట్టి చూశాను. కాలేజీలో నాకంటే తెలిసిన కుర్రాడికి ఇచ్చి, సంగతి చెప్పకుండా చూడమన్నాను. వీటిలో ఏ లోపమూ లేదు మాస్టారూ అన్నాడు. మా ఆవిడ కూడా వినకపోయి ఉంటే నా చెవులదే తప్పనుకుని ఊరుకునేవాణ్ణి.

కంప్యూటర్ ఆపేశాను.

తర్వాతి శుక్రవారం సంతకి వచ్చి భీమన్న మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. చేతిలో పసుపు కొమ్ముల మూట. మా ఆవిడకి ఇచ్చాడు. ఒక్కసారి వినిపించు మాస్టారూ అన్నాడు. ఇప్పుడందులో అది లేదని చెప్పాను. నమ్మలేదు. కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి హెడ్‌ఫోన్ పెట్టాను. తన గొంతు తను విన్నాడు. ఎక్కడా దింపనేదు. మళ్ళీ పెట్టమన్నాడు. మళ్ళీ అదే. అలా ఎన్నిసార్లు పెట్టానో లెక్కపెట్టలేదు. కళ్ళు మూసుకుని, నోరు కొద్దిగా తెరిచి, ఆ మాట అయిపోయాక వచ్చే ఖాళీలో వెతుక్కుంటున్నాడు.

చివరికి హెడ్‌ఫోన్ తీసి నా వైపు చూశాడు.

"నువ్వు ఇన్నావు గదా మాస్టారూ. పలికింది గదా?"

మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది. నేను ఆమె వైపు చూడలేదు. అవునంటే ఈ మనిషి ఏమైపోతాడో అని భయం వేసింది. జాలి కూడా వేసింది. నా జీవితంలో మొదటిసారి, మెషీను గురించి నేను నమ్మని కారణం ఒకటి చెప్పాను.

"అది మనిషి గొంతు కాదు భీమన్నా. మెషీన్లో రొద. ఒక్కోసారి అలా వస్తుంది."

అతను ఖాళీ సంచీ మడిచి చంకలో పెట్టుకున్నాడు.

"మా సిన్నాన్న కూడా గాలే అన్నాడు" అని మెట్లు దిగిపోయాడు.

ఇప్పటికీ ప్రతి శుక్రవారం వస్తాడు. ఫైళ్ళు తుడిచేయలేదు. అతను కూర్చుంటాడు, నేను నొక్కుతాను.